ఆరు మాటలు – రెండెకరాలు

మన సంఘం వార్షిక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని పెద్దలు అడిగినారు. కోటల గురించి, నవాబుల గురించి వ్రాయగలవారు చాలామంది ఉన్నారు. మేము మాత్రం ఒక చట్టంలోని ఆరు ఇంగ్లీషు మాటల చరిత్ర వ్రాయదలచినాము. ఆరు మాటలకు చరిత్ర ఏమిటని నవ్వవద్దు. ఆ ఆరు మాటల దగ్గరే మన కంబదూరు వైపు ఒక ఆడబిడ్డ రెండెకరాల మెట్ట చాలాకాలం ఆగిపోయింది.

సంగతి ఇది. ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం ఆడపిల్లలకు ఆస్తి హక్కు చట్టం తెచ్చిన కొన్నేళ్ళకు, మాకు తెలిసిన ఒక కుటుంబంలో ఇంటి పెద్ద పోయినాడు. ఆయనకు పదహారెకరాల మెట్ట. వాన పడితే వేరుశనగ, పడకపోతే బీడు. మిగిలినవారు భార్య, ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. మన ఫరాయిజ్ లెక్క ప్రకారం సంతానం ఉన్న భార్యకు ఎనిమిదో వంతు, అంటే రెండెకరాలు. మిగిలిన పద్నాలుగు ఎకరాల్లో కొడుక్కు రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. మొత్తం ఏడు పాళ్ళు, పాలుకు రెండెకరాలు. కొడుకులకు తలా నాలుగు, కూతురికి రెండు. పంచాయతీకి కూర్చున్న వారెవ్వరూ ఈ లెక్కను కాదనలేదు.

పెద్ద కొడుకు కూడా కాదనలేదు. "లెక్క సరే. కానీ అది ఇంటికి, నగలకు, నగదుకు. సేద్యపు భూమికి కాదు. చట్టంలోనే రాసి ఉంది" అని ఒక పాత పుస్తకం తెరిచి ముందర పెట్టినాడు. అది 1937వ సంవత్సరపు షరియత్ చట్టం. రెండో సెక్షనులో, బ్రాకెట్ల మధ్య, ఆరు ఇంగ్లీషు మాటలు ఉన్నాయి. వ్యవసాయ భూమికి సంబంధించిన విషయాలు తప్ప అని వాటి అర్థం.

అచ్చులో ఉన్న మాటను ఎవరు కాదంటారు? ఒకాయన "రామారావు చట్టం ఉంది కదా" అన్నాడు. "అది హిందువులకు" అని జవాబు వచ్చింది. అదీ నిజమే. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి తెచ్చిన ఆ సవరణ హిందూ వారసత్వ చట్టానికి చేసినది, మనకు వర్తించదు. పెద్దలందరూ నోరు మూసుకున్నారు. అప్పటిదాకా గడప అవతల నిలబడిన ఆ అక్క ఒక్క మాట అన్నది: "చట్టంలో అట్లే ఉంటే నాకేం వద్దు భాయ్. కానీ దాన్ని ఆఖరు వరకు చదివినోళ్ళు మీలో ఎవరన్నా ఉన్నారా?"

ఎవ్వరమూ లేము. ఆ సిగ్గుతోనే మేము అనంతపురం బస్సెక్కినాము.

ఆ మాటలు ఎట్లా వచ్చినాయి?

ముందు ఆ మాటలు చట్టంలోకి ఎందుకు వచ్చినాయో చెప్పాలి. మన జిల్లా పాత మద్రాసు రాజధానిలోనిది. ఇక్కడి సివిలు కోర్టులకు 1873వ సంవత్సరపు మద్రాసు సివిలు కోర్టుల చట్టం ఒక సూత్రం పెట్టింది. వారసత్వం, పెళ్ళి వంటి విషయాల్లో ముస్లిములకు ముస్లిం ధర్మశాస్త్రం వర్తిస్తుంది, లేదా చట్టంతో సమానమైన బలమున్న ఆచారం ఏదైనా ఉంటే అది వర్తిస్తుంది అని. చిక్కంతా ఆ రెండో మాటతోనే. "మా వంశంలో ఆడపిల్లకు భూమి ఇచ్చే ఆచారం లేదు" అని రుజువు చేయగలిగినవాడు ఆమె పాలు తప్పించవచ్చు. పంజాబు వంటి రాష్ట్రాల్లో ఈ ఆచారం పేరుతోనే కూతుళ్ళకు నేల లేకుండా పోయింది.

ఆచారం కాదు, షరియతే నడవాలని దేశమంతటా ముస్లిం పెద్దలు కోరగా 1937లో కేంద్ర శాసనసభ షరియత్ అన్వయ చట్టం చేసింది. ఆ ఏడాది అక్టోబరు 7న అది అమలులోకి వచ్చింది. ఆచారం ఏదైనా సరే, వారసత్వం వంటి విషయాల్లో షరియతే చెల్లుతుందని దాని సారాంశం. మరి వ్యవసాయ భూమిని ఎందుకు వదిలిపెట్టినారు? ఆడవారికి నేల దక్కకూడదని ఏ మతపెద్దా చెప్పలేదు. అసలు కారణం అధికారాల పంపకం. 1935వ సంవత్సరపు ఇండియా ప్రభుత్వ చట్టం వ్యవసాయ భూమి వారసత్వాన్ని రాష్ట్ర శాసనసభల చేతిలో పెట్టింది. కేంద్ర సభకు అందులో తల దూర్చే వీలు లేదు. అందుకని బ్రాకెట్లు పెట్టి ఆ ఆరు మాటలు చేర్చినారు.

ఇది మన ఒక్కరికే వచ్చిన చిక్కు కాదు. అదే 1937లో హిందూ స్త్రీల ఆస్తి హక్కుల చట్టం కూడా వచ్చింది. రాష్ట్రాల్లోని వ్యవసాయ భూమికి అది వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు చెప్పింది. అంటే హిందూ వితంతువు, ముస్లిం కూతురు ఇద్దరూ ఒకే గట్టు దగ్గర ఆగిపోయినారు. ఆ గట్టు తీయవలసినది రాష్ట్రాలు.

మద్రాసులో కొట్టివేత

మద్రాసు శాసనసభ ఆ గట్టు తీసింది. హిందూ స్త్రీల చట్టాన్ని వ్యవసాయ భూమికి వర్తింపజేస్తూ 1947లో 26వ చట్టం చేసింది. మన షరియత్ చట్టానికి 1949లో సవరణ తెచ్చింది. అదే 1949వ సంవత్సరపు మద్రాసు 18వ చట్టం. దాని ప్రకారం రెండో సెక్షనులోని ఆ ఆరు మాటలు పోయినాయి. ఆచారం ఏదైనా సరే అన్న మాట మాత్రం ఉండిపోయింది. కాబట్టి ఆనాటి మద్రాసు రాష్ట్రంలో పొలానికైనా ఇంటికైనా ఒకే లెక్క.

1949లో అనంతపురం మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది. రాష్ట్రం పేరు మారినంత మాత్రాన చట్టం పోదు. మార్చేదాకా, రద్దు చేసేదాకా పాత చట్టమే నడుస్తుంది. ఆ సవరణ మన ఆంధ్ర ప్రాంతంలో అట్లే నిలిచింది.

ఇక్కడ సరిహద్దు సంగతి ఒకటి మనవి. మనకు వియ్యాలవారు పావగడలో ఉంటారు, బళ్ళారిలో ఉంటారు, రాయదుర్గంలో ఉంటారు. రాయదుర్గం 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండి ఆంధ్ర వచ్చినప్పుడు మన జిల్లాలో కలిసింది. బళ్ళారి అప్పుడే మైసూరుకు పోయింది. కానీ 1949లో రెండూ మద్రాసులోనివే. పావగడ మాత్రం మొదటినుంచీ మైసూరు సంస్థానానిది. కూతవేటు దూరంలో ఉన్న రెండు పొలాల మీద రెండు రాష్ట్రాల చట్టచరిత్ర ఉంటుంది. అందుకని ఇక్కడి మాటను అక్కడికి, అక్కడి మాటను ఇక్కడికి మోయకూడదు. నేల ఎక్కడుందో అక్కడి చట్టం విడిగా చూసుకోవాలి.

పెద్ద కొడుకు చూపిన పుస్తకం అబద్ధం కాదు. అది కేంద్ర చట్టాన్ని మాత్రం అచ్చువేసిన చిన్న పుస్తకం. రాష్ట్ర సవరణలు అందులో వేయలేదు. సగం చదివిన చట్టం అబద్ధం కంటే ప్రమాదం. ఎందుకంటే అబద్ధాన్ని అనుమానిస్తాము, అచ్చును అనుమానించము.

పుస్తకం ఉన్న చోటు

ఇంతా మాకు ఒక్క రోజులో తెలియలేదు. అనంతపురంలో మొదట పోయిన చోట "ఇది సభ్యులకే, బయటివారికి కాదు" అన్నారు. ఆ చోటు పేరు వ్రాయము, తప్పు ఆ మనిషిది కూడా కాదు. మన దేశంలో న్యాయగ్రంథాలు ఎక్కువగా జడ్జీల లైబ్రరీలలో, న్యాయవాదుల సంఘాల లైబ్రరీలలో పెరిగినాయి. కక్షిదారుడు వరండాలో నిలబడేవాడే గాని అలమార దగ్గరికి పోయేవాడు కాదు. అమెరికాలో లాస్ ఏంజెలెస్ కౌంటీ లా లైబ్రరీ 1891లో మొదలయింది. అక్కడ లాయరే కాదు, ఎవరైనా లోపలికి పోయి చట్టం తీసి చదువుకోవచ్చు. సరిగ్గా ఆ 1891లోనే హైదరాబాదులో ఆసఫియా గ్రంథాలయం పుట్టింది. మన తరంవారు స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అంటూ వచ్చింది దానినే.

మన వైపు మామూలు మనిషికి తలుపు తెరిచినది పౌర గ్రంథాలయమే. స్వతంత్ర భారతంలో మొదటి గ్రంథాలయ చట్టం 1948లో మద్రాసులోనే వచ్చింది. ఎస్.ఆర్. రంగనాథన్ గారి కృషి, అప్పటి విద్యామంత్రి అవినాశిలింగం చెట్టియారు గారి పూనిక దాని వెనుక ఉన్నాయి. తరువాత 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం వచ్చి జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడినాయి. మనం కట్టే ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాము. కనుక అక్కడికి పోయి పుస్తకం అడగడం బిచ్చం కాదు, మన సొమ్ముతో కొన్నదాన్ని మనం అడగడం.

మా సంగతికి వస్తే, ముందు దారి చూపినది ఒక ముసలి వకీలు సాబ్. విషయం వినగానే అలమారలోంచి లావుపాటి పుస్తకం తీసి "ముల్లా చూడండి" అన్నారు. మాతో వచ్చిన మాష్టర్ సాబ్ "ఏ మసీదు ముల్లా గారు?" అని అడిగితే ఆయన చాలాసేపు నవ్వినారు. దిన్‌షా ఫర్దూన్‌జీ ముల్లా బొంబాయి పార్సీ న్యాయవాది. తరువాత ప్రీవీ కౌన్సిలులో జడ్జిగా కూర్చున్నారు. మన ధర్మశాస్త్రం మీద ఆయన వ్రాసిన పుస్తకాన్నే తరాల తరబడి కోర్టుల్లో ముస్లిం వారసత్వానికి తెరుస్తున్నారు. ఆ పుటలో రెండో సెక్షను కింద, చీమతలకాయంత అక్షరాల్లో, మద్రాసు సవరణ ఉంది. వకీలు సాబ్ వేలు పెట్టి చూపినారు. "పైన పెద్దక్షరాల్లో ఉన్నది ఢిల్లీది, కింద చిన్నక్షరాల్లో ఉన్నది మనది. మీ కేసు కిందనే ఉంది" అన్నారు. ఆ తరువాత గ్రంథాలయంలో పాత మద్రాసు చట్టాల సంపుటి తీయించి, అసలు చట్టాన్ని కళ్ళారా చదివి, నంబరు, సంవత్సరం వ్రాసుకుని వచ్చినాము.

వెతికే పద్ధతి

ఆనాటి తిరుగుడులో మేము నేర్చుకున్నది మన పిల్లలకు పనికివస్తుందని వరుసగా వ్రాస్తున్నాము.

మొదటిది, ప్రశ్నను ఒక్క వాక్యంలో కుదించాలి. "మాకు అన్యాయం జరిగింది" అంటే ఏ లైబ్రేరియనూ పుస్తకం తీయలేడు. "అనంతపురం జిల్లాలో ముస్లిం కూతురికి వ్యవసాయ భూమిలో వాటా ఉందా?" అంటే తీస్తాడు.

రెండవది, అది కేంద్ర చట్టమా, రాష్ట్ర చట్టమా, రెండూనా అని చూడాలి. కేంద్ర చట్టమైతే కింద రాష్ట్ర సవరణ ఉందేమో తప్పక వెతకాలి. 1953కు ముందరిదైతే మద్రాసు చట్టాల్లో, ఫోర్ట్ సెయింట్ జార్జి గెజెట్లలో చూడాలి. ఆ తరువాతిదైతే ఆంధ్ర, 1956 తరువాతిదైతే ఆంధ్రప్రదేశ్ గెజెట్లలో. పాత పుస్తకాలకు మద్రాసు కన్నెమరా లైబ్రరీ ఉంది. అది 1896లో తెరిచినది.

మూడవది, జిల్లా పేరు. అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. అంతకు ముందు ఇది బళ్ళారి జిల్లా. మసీదుకో, దర్గాకో, ఖబరస్తానుకో ఇచ్చిన ఇనాము కాగితం కావాలంటే 1858లో మొదలైన ఇనాం కమిషన్ వ్రాయించిన రిజిష్టర్ల దాకా పోవలసి రావచ్చు. అప్పటి కాగితాన్ని అనంతపురం పేరుతో వెతికితే దొరకదు, బళ్ళారి పేరుతో వెతకాలి. ఈ ఒక్క సంగతి తెలియక చెప్పులరిగేలా తిరిగినవారు ఉన్నారు.

నాలుగవది, తీర్పులు. ప్రతి తీర్పుకూ ఒక చిరునామా ఉంటుంది. ఏ.ఐ.ఆర్. 1985 సుప్రీంకోర్టు 945 అంటే ఆలిండియా రిపోర్టరు, 1985 సంపుటి, సుప్రీంకోర్టు భాగం, 945వ పేజీ. అక్కడ షాబానో గారి కేసు ఉంటుంది. వీధి పేరు, ఇంటి నంబరు తెలిసినట్లే. ఈ చిరునామా వ్రాసుకుని పోతే వెతుకులాట ఉండదు.

ఐదవది, నకలు. సర్కారు కచేరీలో ఉన్న కాగితమైతే ధృవీకరించిన నకలు ఫీజు కట్టి తీసుకోవాలి. చట్టానికైతే సాక్షిని పిలవనక్కరలేదు, కోర్టే దానిని గుర్తించాలి. ఏ సంవత్సరం, ఎన్నవ చట్టం అని చూపితే చాలు. ఆ చూపేవాళ్ళు లేకనే మనం ఓడిపోతున్నాము.

ఇప్పుడు ఇందులో చాలా భాగం సెల్‌ఫోనులోనే దొరుకుతుంది. కేంద్ర, రాష్ట్ర చట్టాలకు ఇండియా కోడ్ ఉంది. తీర్పులకు 2008 నుంచి ఇండియన్ కానూన్ ఉంది. సుప్రీంకోర్టు తన అధికారిక తీర్పుల సంపుటాలను 2023 జనవరి నుంచి ఇ-ఎస్.సి.ఆర్. పేరుతో ఉచితంగా తెరిచింది. కానీ ఫోను వచ్చినా చిన్నక్షరాల గొడవ పోలేదు. పైన కనిపించిన ముక్క చదివి ఫోను జేబులో పెట్టుకునేవాడికి, ఆనాటి పెద్ద కొడుక్కు తేడా లేదు.

బ్రతికి ఉన్న చట్టమేనా?

ఇంకొక జాగ్రత్త ఉంది. దొరికిన చట్టం ఈనాటికి బ్రతికి ఉందా అని అడగాలి. మన ఇళ్ళల్లో తరచు వచ్చే మనోవర్తి సంగతే చూడండి. 1985లో షాబానో తీర్పు వచ్చింది. 1986లో విడాకులు పొందిన ముస్లిం స్త్రీల చట్టం వచ్చింది. అక్కడితో చదువు ఆపినవాడు "ఇద్దత్ మూడు నెలలే, ఆ తరువాత ఏమీ లేదు" అంటాడు. 2001లో డానియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు ఆ 1986 చట్టానికే అర్థం చెప్పింది. ఆమె ముందు జీవితానికి సరిపడే న్యాయమైన ఏర్పాటు ఇద్దత్ లోపలే చేయాలని. అక్కడ ఆగినవాడికీ పూర్తి కథ తెలియదు. తెలంగాణ నుంచి పోయిన మహమ్మద్ అబ్దుల్ సమద్ కేసులో 2024 జూలై 10న సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పింది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను కింద కూడా మనోవర్తి అడగవచ్చునని. ఇంతలో ఆ కోడే మారిపోయింది. 2024 జూలై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో ఆ సెక్షను నంబరు 144. నలభై ఏళ్ళలో ఇన్ని మలుపులు. ఏ మలుపు దగ్గర పుస్తకం మూస్తే ఆ మలుపు దగ్గరే ఒక ఆడమనిషి అన్నం ఆగిపోతుంది.

వక్ఫ్ సంగతి కూడా ఇంతే. 1954 చట్టం, 1995 చట్టం, 2025లో వచ్చిన పెద్ద సవరణ, ఆ సవరణలో కొన్ని భాగాలను నిలుపుతూ 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు. ఖబరస్తాను హద్దుల గురించి మాట్లాడేవారు ఏ తేదీనాటి పుస్తకం చదువుతున్నారో మొదట చూసుకోవాలి.

అయితే పుస్తకం చదివినంత మాత్రాన వకీలు అక్కరలేదని మేము అనడం లేదు. కడుపునొప్పికి వైద్యగ్రంథం చదివి కోత పెట్టుకోము కదా. మనం చదివేది వకీలుకు సరైన ప్రశ్న వేయడానికి. వకీలుకు ఇచ్చే డబ్బు లేనివారికీ దారి ఉంది. 1987వ సంవత్సరపు న్యాయసేవల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం స్త్రీలకు, ఆదాయం ఎంతని చూడకుండా, ఉచితంగా న్యాయ సహాయం ఇస్తారు. జిల్లా కోర్టులో ఉండే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగాలి, లేదా 15100కు ఫోను చేయాలి. ఈ నంబరు మన అక్కచెల్లెళ్ళ ఫోనుల్లో తప్పక ఉండాలి.

మన పని

చివరికి ఏమైందని అడుగుతారు. మేము తెచ్చిన నకలు పంచాయతీలో పెట్టినాము. పెద్ద కొడుకు రెండు మూడుసార్లు చదివించుకున్నాడు. ఏమీ అనలేదు. చిన్నవాడు మాత్రం "అన్నా, నాయన బతికున్నా ఇచ్చేవాడే" అన్నాడు. ఇద్దరు తమ్ముళ్ళు ఆ రోజే సరే అన్నారు. పెద్దాయన పారీఖత్తు మీద సంతకం పెట్టడానికి ఇంకా ఏడాది పట్టింది. కోర్టుకు పోలేదు. తల్లికి రెండెకరాలు, అక్కకు రెండెకరాలు రిజిష్టరు అయినాయి. అది నీళ్ళున్న చేను కాదు, ఎర్రటి గరప నేల. వాన రాని సంవత్సరం అందులో గింజ కూడా రాదు. అయినా పాసుపుస్తకంలో తన పేరు చూసుకున్న రోజు ఆమె మాట్లాడలేకపోయింది.

ఆ సవరణ వచ్చిన 1949 నుంచి ఆ పంచాయతీ దాకా ఎన్ని ఇళ్ళలో ఆ ఆరు మాటలు చూపి కూతుళ్ళను వెనక్కి పంపి ఉంటారో లెక్క ఎవరి దగ్గరా లేదు. మన పెద్దలు చెడ్డవారు కాదు. చదివి చెప్పేవాడు లేడు, అంతే.

అందుకని సంఘం సభ్యులకు మా మనవి రెండే. సంఘం గదిలో ఒక అలమార పెట్టుకుందాం. అందులో రాష్ట్ర సవరణలతో సహా వారసత్వం, వక్ఫ్, మనోవర్తి చట్టాలు ఉండాలి. ఏటా ఒకసారి చూసి, మారినవి మార్చాలి. ఇంటర్ దాటిన మన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు, నెలకొకసారి జిల్లా గ్రంథాలయానికి పోయి వచ్చే బాధ్యత తీసుకోవాలి. సభ్యులు తమ ఇళ్ళల్లోని పాత కాగితాలు చెదలు తినకముందే తెచ్చి నకళ్ళు చేయించుకోవాలి.

ఈసారి మన ఊళ్ళో ఏ అక్క అయినా గడప అవతల నిలబడి అదే ప్రశ్న అడిగితే, "చదివినామమ్మా, ఆఖరు వరకు చదివినాము, లోపలికి వచ్చి కూర్చో" అని చెప్పగలగాలి.